ఐస్‌క్రీమ్ గొర్రెపిల్ల

పైన్ రిడ్జ్ శానిటోరియం, విస్కాన్సిన్
17 జనవరి 1954

చెల్లి ఆర్డిస్‌కు,

నువ్వు పంపిన ఉన్ని మేజోళ్ళు వేసుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడ పూటకు రెండు గంటలు మమ్మల్ని వరండాలో, మంచుగాలిలో, మంచాల మీద పడుకోబెడతారు. మాట్లాడకూడదు, చదవకూడదు, చేతులు కదపకూడదు. నా పక్క మంచం హిల్డా అని ఒక బడి పంతులమ్మది. ఆమెకిది మూడో చలికాలం. నాకు నాలుగో నెల. ఎడమ ఊపిరితిత్తి మీద క్షయ మచ్చ పెరగలేదు, తగ్గనూ లేదు అన్నారు.

నీ ఉత్తరంతో పాటు నోలా కాగితం వచ్చింది. 'పిన్ని జడ వేస్తే నొప్పి పుట్టదు' అని రాసింది. ఏడేళ్ళు నిండని పిల్ల, ఒక్క అక్షరం తప్పు పోలేదు. నేను వేస్తే నొప్పి పుడుతుందని నాతో ఎప్పుడూ అనలేదు మరి. బడి వదిలేదాకా ఊడకూడదని గట్టిగా లాగి వేసేదాన్ని. నువ్వు వదులుగా వేస్తున్నావు కాబోలు. మధ్యాహ్నానికి రేగిపోతుంది, చూసుకో.

కిందటి ఆదివారం క్లెమ్ వచ్చాడు. పిల్లల్ని లోపలికి రానివ్వరు కనుక ఎప్పటిలాగే ఒక్కడే వచ్చాడు. నువ్వు చేసే బంగాళాదుంపల సూప్ గురించి పది నిమిషాలు చెప్పాడు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో నా సూప్ గురించి ఒక్క మాట అన్నవాడు కాదు. వంటింటి కిటికీకి పసుపు రంగు కర్టెన్లు కుట్టావట కదా. పాతవి ఏం చేశావు?

గ్రీన్ బేలో ఉద్యోగం ఆపుకుని, ఎమెట్‌తో పెళ్ళి వాయిదా వేసుకుని వచ్చి నా ఇల్లు నిలబెడుతున్నావు. రోజూ ప్రార్థనలో నీ పేరు చెప్పుకుంటున్నాను. అది నిజం. కర్టెన్ల దగ్గర నా మనసు ఆగిపోయిన మాటా నిజమే.

మీ అక్క
వెర్నా


హార్లో క్రీక్, విస్కాన్సిన్
1 ఫిబ్రవరి

అక్కా,

పాత కర్టెన్లు ఉతికి, ఇస్త్రీ చేసి, నీ బీరువా పై అరలో పెట్టాను. పొయ్యి వైపు అంచు కాలి ఉంటే మార్చాను తప్ప నీ ఇంటి రంగు మార్చాలని కాదు. వచ్చిన రోజున నీ చేత్తోనే మళ్ళీ తగిలించుకో.

జడ సంగతి నువ్వన్నట్టే ఉంది. మధ్యాహ్నం బళ్ళో పంతులమ్మ మళ్ళీ అల్లుతోందట.

ఇక్కడ అంతా సవ్యంగా ఉంది. నోలా బాగా తింటోంది, హాయిగా నిద్రపోతోంది. బావకు పాల లారీ పనితో ఊపిరి సలపడం లేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజి వాళ్ళు నా కుర్చీ వేసవి దాకా ఉంచుతామన్నారు. ఎమెట్ కులాసా.

అసలు సంగతికి వస్తాను. మార్చి తొమ్మిదిన నోలా పుట్టినరోజు. ఏం కావాలే అంటే ఐస్‌క్రీమ్ గొర్రెపిల్ల కేకు అంది. ఆరుగురు స్నేహితురాళ్ళకు అప్పుడే చెప్పేసింది కూడా. అమ్మమ్మ నీకిచ్చిన ఆ ఇనప అచ్చు నేలమాళిగలో దొరికింది. తుప్పు లేకుండా తోమి పెట్టాను. కానీ ఎలా చెయ్యాలో నాకేం తెలుసు? నువ్వు చేసే రోజున వంటింటి తలుపు వేసుకునేదానివి. నన్ను గుమ్మం తొక్కనిచ్చావా ఎప్పుడైనా? అమ్మమ్మ కూడా నిన్నే పక్కన నిలబెట్టుకుంది. నా చేతికి తిప్పడానికి చిలికే డబ్బా పిడి ఒక్కటే ఇచ్చేది.

ఎలా చేస్తావో వివరంగా రాయి. పిల్ల ఆశ పెట్టుకుంది.

ఆర్డిస్


పైన్ రిడ్జ్
12 ఫిబ్రవరి

ఆర్డిస్,

ఈ ఏడు అమ్మ లేదు కనుక గొర్రెపిల్ల వద్దంటుందేమో అనుకున్నాను. కావాలందన్నమాట. మంచిదే. రాస్తున్నాను, వంటింటి గోడకు గుచ్చుకో.

క్లెమ్‌ను అడిగి చిక్కటి మీగడ రెండు పెద్ద సీసాలు తెప్పించు. ఎనిమిది గుడ్ల పచ్చసొన, పంచదార, పాలు కలిపి సన్నటి సెగ మీద తిప్పుతూ ఉండు. చెక్క గరిటె వీపుకు పూత పట్టినప్పుడు దించెయ్యి. ఒక్క నిమిషం ఆలస్యమైతే గుడ్డు విరిగి ముక్కలవుతుంది. చల్లారాక మీగడ, వెనిలా చుక్కలు కలిపి చిలికే డబ్బాలో పొయ్యి. డబ్బా చుట్టూ కూరడానికి మంచుగడ్డలు కొననక్కర్లేదు, పెరట్లో మంచు బకెట్లతో ఎత్తుకొచ్చి రాళ్ళ ఉప్పు చల్లు. పిడి బరువెక్కి చెయ్యి లాగేస్తుంటే తయారైనట్టు.

అచ్చు రెండు భాగాలనూ ముందు రోజే ఫ్రీజర్‌లో పెట్టి ఉంచు. లోపల నూనె చేత్తో పలచగా రుద్ది, ఐస్‌క్రీమ్‌ను చెవుల్లోకి, ముక్కులోకి వేలితో అదిమి నింపు. గాలి మిగిలితే ముఖానికి గుంటలు పడతాయి. రెండు భాగాలూ నిండుగా నింపి, మూసి, తాడు బిగించి కట్టి, ఒక పగలూ ఒక రాత్రీ ఫ్రీజర్‌లో ఉంచు. తీసేటప్పుడు వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ అచ్చు చుట్టూ వేసి పది లెక్కపెట్టు. కింద పలకలా కాల్చిన పసుపు కేకు మీద నిలబెట్టు. పైన చిలికిన మీగడ, కొబ్బరి కోరు. కళ్ళకు ఎండుద్రాక్ష.

అంతే. ఇందులో దాచుకునే విద్యేమీ లేదు.

నోలాకు నీలం గౌను వెయ్యి. అది నేను కుట్టింది. ఆ రోజు నా గురించి ఏమైనా అంటే నాకు రాయి. అనకపోతే రాయనక్కర్లేదు.

వెర్నా


హార్లో క్రీక్
11 మార్చి

అక్కా,

పుట్టినరోజు చక్కగా జరిగింది. ఆరుగురూ వచ్చారు. గొర్రెపిల్ల కుదిరింది, పిల్లలు గిన్నెలు నాకి మరీ తిన్నారు. నోలా నీలం గౌనే వేసుకుంది. భుజాల దగ్గర కాస్త బిగుతైంది, ఎదుగుతోంది కదా. కెమెరాలో ఫిల్ము అయిపోవడంతో ఫోటో తియ్యలేకపోయాం. అమ్మకు ఒక ముక్క పంపుదామా అని నోలా అడిగింది, దారిలో కరిగిపోతుందని చెప్పాను.

నీ ఆరోగ్యం ఎలా ఉందో రాయలేదు. రాయి.

ఆర్డిస్


పైన్ రిడ్జ్
18 మార్చి

ఆర్డిస్,

నీ ఉత్తరం అందిన పూట నాకు జ్వరం నూటొకటి. నర్సు నీ ఉత్తరం వల్లేనని అనలేదు, నేనూ అనను.

చక్కగా కుదిరిందన్నమాట. మొదటిసారికే. నేను పెళ్ళైన కొత్తలో మూడు గొర్రెపిల్లల్ని పాడు చేశాకగాని నాలుగోది నిలబడలేదు. నీ చెయ్యి మంచిది. సూప్ కుదురుతుంది, జడ నొప్పి పుట్టదు, గొర్రెపిల్ల లేచి నిలబడుతుంది. ఇంకేం కావాలి ఆ ఇంటికి? కిందటి వారం క్లెమ్ కొత్త చొక్కాతో వచ్చాడు. గుండీలు నువ్వే కుట్టావట. ఇక్కడ ఆడవాళ్ళు ఏమనుకుంటున్నారో తెలుసా? ఆ చివరి గదిలో ఉన్న ఆమె చెల్లెలు ఇలాగే సాయానికని వెళ్ళింది. ఈమెకు నయమై ఇంటికి వెళ్ళేసరికి చెల్లెలి చెప్పులే మంచం కింద ఉన్నాయట. నిన్ను అనడం లేదు. విన్నది రాశాను.

ఒక్క మాట అడుగుతాను, చెప్పు. కొవ్వొత్తులు వెలిగించేదాకా మెడ నిలబడిందా? తల వాలలేదా అసలు? ఎలా నిలిపావు?

గౌను బిగుతైతే భుజాల దగ్గర విప్పడానికి లోపల గుడ్డ వదిలాను. నేను వచ్చాకే విప్పుతాను. నువ్వు ముట్టుకోకు.

వెర్నా


హార్లో క్రీక్
25 మార్చి

అక్కా,

మెడ గురించి నేను రాయలేదు. తల గురించి ఒక్క అక్షరం రాయలేదు. తల పడిందేమో అని నీకెందుకు అనిపించింది?

సరే, జరిగింది జరిగినట్టు రాస్తాను. పిల్లలందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. అచ్చు తీసినప్పుడు నిజంగా అందంగా ఉంది అక్కా, బతికున్న గొర్రెపిల్లలాగే ఉంది. మీగడ పూసి, కొబ్బరి అద్ది, ఏడు కొవ్వొత్తులు వెలిగించాను. పాట సగంలో ఉండగా మెడ మీద గీత పడింది. చూస్తుండగానే తల ముందుకు వంగి బల్ల మీద పడి, దొర్లి, ఓ పాప ఒళ్ళో పడింది. ఆ పాప కెవ్వుమంది. ఇద్దరు ఏడుపందుకున్నారు. నోలా ఏడవలేదు. తలను రెండు చేతులతో ఎత్తి ప్లేటులో పెట్టి, 'మా అమ్మ చేస్తే పడదు' అంది. ఎవరితోనో కాదు, నాతోనే. నా ముఖం చూస్తూ అంది.

నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. బావ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, ఏం చెయ్యాలో తెలియక, "వెర్నా మెడలో పిప్పర్‌మెంట్ కడ్డీ ఒకటి గుచ్చుతుంది కదా. అచ్చు తీశాక మళ్ళీ గంటసేపు ఫ్రీజర్‌లో పెడుతుంది. నీకు చెప్పలేదా?" అన్నాడు. ఆయన అమాయకంగా అడిగాడు. నాకు అప్పుడు అర్థమైంది. గాలి గుంటల దాకా రాసిన మనిషివి మెడ మరిచిపోతావా?

అయినా బాగా కుదిరిందని రాశాను. నిన్ను నొప్పించకూడదని కాదు. నీకా సంతోషం దక్కనివ్వకూడదని.

ఇంకొకటి కూడా విను. నోలా హాయిగా నిద్రపోతోందని రాశాను కదా. అబద్ధం. నీ రాత్రి గౌను దిండుకు తొడిగి పడుకుంటోంది. నేను ఉతుకుతానంటే ఇవ్వదు. ఇది కూడా నీకు రాయలేదు. ఎందుకో తెలుసా? ఆర్నెల్లుగా ఆ పిల్ల ముక్కు తుడుస్తున్నాను, పాఠాలు చెప్పిస్తున్నాను, తట్టు పోసినప్పుడు పదకొండు రోజులు దాని గది దాటలేదు. ఆ దిండుకున్నంత చోటు నాకు లేదు. నీకు చెబితే నువ్వు గెలిచినట్టు ఉంటుందని చెప్పలేదు.

ఇక బావ సంగతి. ఆ చివరి గదిలో ఆమె కథ ఆమెనే చెప్పుకోమను. ఎమెట్ జనవరి చివర్లోనే ఎక్స్ఛేంజిలో ఇంకో అమ్మాయికి ఉంగరం తొడిగాడు. ఆరు నెలలు ఎదురు చూడడం అతనివల్ల కాలేదు. 'ఎమెట్ కులాసా' అని రాసింది ఆ వారమే. కులాసాగానే ఉన్నాడు మరి. నీ మొగుడి చొక్కాకు గుండీలు కుట్టడానికి నా పెళ్ళి పోగొట్టుకున్నాను అక్కా, ఆయన్ని తన్నుకుపోవడానికి కాదు.

మే నెలాఖరుకు నేను వెళ్ళిపోతాను. నోలాను బావ వాళ్ళమ్మ దగ్గరకు డకోటా పంపుతారో, ఏం చేస్తారో మీరిద్దరూ ఆలోచించుకోండి.

ఆర్డిస్


పైన్ రిడ్జ్
2 ఏప్రిల్

ఆర్డిస్,

మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. నాలుగోసారి రాస్తున్నాను.

అవును, మరిచిపోలేదు. కావాలనే రాయలేదు. కడ్డీ అన్న మాట దగ్గరికొచ్చి కలం ఆపాను. హిల్డా నీళ్ళ గ్లాసు ఇమ్మంది, ఇచ్చాను, మళ్ళీ కూర్చున్నాను. అప్పుడైనా రాయవచ్చు. రాయలేదు. తల పడాలనే కోరుకున్నాను. అది నా పిల్ల పుట్టినరోజని, పడేది దాని ముందేనని ఆలోచించలేదు. నీ ముఖం ఒక్కటే చూశాను.

ఎందుకో చెబుతాను, క్షమించమని కాదు. నీకా ఉత్తరం రాయడానికి రెండు రోజుల ముందు డాక్టరు పిలిచి మందులతో మచ్చ పోదన్నాడు. ఏప్రిల్ ఇరవైన పక్కటెముక కోసి ఊపిరితిత్తిలో ఒక భాగం తీసేస్తారు. పదిమందిలో ఒకరిద్దరు బల్ల మీది నుంచి లేవరట. ఆయనే నిదానంగా చెప్పాడు, మంచివాడు. క్లెమ్‌కు కూడా ఇంకా చెప్పలేదు, ఈ ఆదివారం చెబుతాను. ఆ రోజంతా పడుకుని ఆలోచించాను. నేను పోతే ఏమవుతుందీ అని. ఏమీ కాదనిపించింది ఆర్డిస్. సూప్ ఉంటుంది, జడ ఉంటుంది, పసుపు కర్టెన్లు ఉంటాయి. పిల్లకు ఒకటే లోటు తెలుస్తుంది, గొర్రెపిల్ల. అదీ నీ చేతికి ఇచ్చేస్తే నేనా ఇంట్లో ఉండేదాన్నని చెప్పడానికి ఇంకేం మిగులుతుంది? పిచ్చి ఆలోచనే. జ్వరం మనిషికి అంతే తోచింది.

దిండు సంగతి చదివి దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. సంతోషించాను కూడా. నువ్వన్నది నిజం, గెలిచినట్టే అనిపించింది. ఆ వెంటనే తట్టు సంగతి చదివాను. నా పిల్లకు తట్టు పోసిందని ఇప్పటిదాకా నాకు తెలియదు.

ఎమెట్ విషయంలో నేనేం రాసినా తక్కువే. ఆ చెప్పుల మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది ఎవరూ నాతో అనలేదు. నేనే పుట్టించాను.

ఇప్పుడు ఒకటి అడుగుతాను. అడిగే ముఖం లేదు, అయినా అడుగుతున్నాను. మేలో వెళ్ళకు. నేను లేచినా, లేవకపోయినా ఈ వేసవి దాన్ని వదలకు. లేవకపోతే దాన్ని డకోటా పంపనివ్వకు. నువ్వే పెంచు.

మెడ సంగతి: కడ్డీ సన్నది కాదు, చిటికెన వేలంత లావుది. ఐస్‌క్రీమ్ అచ్చులో నింపేటప్పుడే, మూసే ముందు, గడ్డం కింద నుంచి వీపులోకి ఏటవాలుగా పెట్టాలి. అచ్చు తీశాక గంట కాదు, రెండు గంటలు ఫ్రీజర్‌లో ఉండాలి. క్లెమ్‌కు అన్నీ సగమే గుర్తుంటాయి.

వెర్నా


హార్లో క్రీక్
7 ఏప్రిల్

అక్కా,

నా కోపం పోలేదు. పోయాక రాద్దామంటే ఇరవయ్యో తేదీ దాటిపోతుంది.

ఉంటాను. ఎక్స్ఛేంజికి రాసేశాను, నా కుర్చీ ఎవరికైనా ఇచ్చుకోమని. పంతొమ్మిదిన నేనూ బావా వస్తున్నాం. నోలాను పక్కింట్లో ఉంచుతాం. నువ్వు మత్తులోకి వెళ్ళేటప్పుడు నీకు కనిపించేది నేనే. అప్పుడు ఏమైనా అనాలనిపిస్తే అను, మత్తులో ఉన్నావని పట్టించుకోను.

పిల్లను పెంచే మాట ఇంకోసారి రాయకు. దాని తల్లి ఉంది.

ఆర్డిస్


పైన్ రిడ్జ్
28 జూన్

చెల్లీ,

కుట్లు విప్పాక ఇంత పొడుగు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఎడమ చెయ్యి ఇంకా భుజం దాటి లేవదు. కుడి చెయ్యి బాగానే ఉంది.

నిన్నటి సంగతి నీకు తెలియనట్టు రాస్తున్నాను. కింది నుంచి నీకు కనిపించింది వేరు, పై వరండా నుంచి నాకు కనిపించింది వేరు.

మధ్యాహ్నం నర్సు ఆ పెట్టె తెచ్చింది. మంచుగడ్డలు, ఉప్పు, గోనెసంచులు, ఇంత కట్టుదిట్టం క్లెమ్ లారీలో ఇంకేదానికీ చేసి ఉండడు. ఆమె మూత తీసింది. లోపల, రొట్టె కాల్చే రేకులో పోసి తీసిన ఐస్‌క్రీమ్ మంచం. నాలుగు పిప్పర్‌మెంట్ కడ్డీల కాళ్ళు, మీగడ దిండు, గులాబీ రంగు దుప్పటి. దుప్పటి ఒక పక్కకు మడిచి ఉంది. మంచం మీద ఎవరూ లేరు. ఇక్కడ ఖాళీ మంచానికి ఒకటే అర్థం. నర్సు నా వైపు చూడలేకపోయింది. హిల్డా గొంతు సవరించుకుని, పిల్లలకేం తెలుస్తుంది పాపం అంది.

అప్పుడు నన్ను కుర్చీలో వరండా అంచుకు తోశారు. మీరు ముగ్గురూ గడ్డి మీద ఉన్నారు. తొమ్మిది నెలలు ఆర్డిస్. దాని కాళ్ళు ఎంత పొడుగయ్యాయి. నేను చెయ్యి ఎత్తాను. అది నన్ను చూసి నీ వెనక్కి వెళ్ళి నీ గౌను పట్టుకుంది. నా జుట్టు కత్తిరించారు కదా, చెంపలు లోపలికి పోయాయి. ఎవరో అనుకుంది. నీ గౌను గుప్పిట్లో ఎలా నలుపుతోందో పై నుంచి కూడా కనిపించింది. నాలో మళ్ళీ ఆ పాత మంటే రేగింది. లేదని రాస్తే అబద్ధం. కుర్చీ లోపలికి తిప్పమని నర్సుకు చెప్పబోయాను.

అప్పుడు నువ్వు వంగి దాని చెవిలో ఏదో అన్నావు. దాని వేళ్ళు ఒక్కొక్కటే గౌను నుంచి విడదీశావు. విడదీసి లారీ వెనక్కి వెళ్ళిపోయావు. క్లెమ్‌ను కూడా లాక్కుపోయావు. గడ్డి మీద అదొక్కతే మిగిలింది. నువ్వు ఎటు వెళ్ళావా అని వెనక్కి చూసింది. నువ్వు బయటికి రాలేదు. లారీ చక్రం పక్కన నీ చెప్పులు మాత్రం కనిపించాయి నాకు, కదలకుండా.

చాలాసేపు నిలబడింది. తర్వాత నాలుగడుగులు ముందుకు వేసింది.

"మంచం చూశావా?" అని అరిచింది.

తల ఊపాను.

"అందులో ఎవరూ ఎందుకు లేరో తెలుసా? నువ్వు లేచి ఇంటికొచ్చేశావు. అందుకు. పిన్ని నీ బొమ్మను పడుకోబెడదామంది, నేనే వద్దన్నా."

వరండా అంతా విన్నది. నర్సు లోపలికి వెళ్ళి చెంచాలు తెచ్చింది. పదకొండు మందిమి ఆ మంచాన్ని కాళ్ళతో సహా తినేశాం. హిల్డా దిండు తీసుకుంది. అంత మంచి ఐస్‌క్రీమ్ నేను చెయ్యలేదు ఎప్పుడూ. ఇది నీకు రాయడానికి ఇప్పటికీ నా కలం కాస్త మొరాయిస్తోంది, కానీ రాశాను.

డాక్టరు సెప్టెంబరు మొదటి వారం అన్నాడు. నేను వచ్చిన మర్నాడే పెట్టె సర్దుకోవాలని నువ్వు అనుకుంటున్నట్టు క్లెమ్ చెప్పాడు. అలా చెయ్యకు. నెలైనా ఉండు. నువ్వు వెళ్ళే రోజున అది నీ కోసం ఏడుస్తుంది, బాగా ఏడుస్తుంది. నేను నిద్రలో ఉండగానో, అది బళ్ళో ఉండగానో చాటుగా వెళ్ళిపోవద్దు. నా ముందే ఏడవనియ్యి. నేను పక్కనే కూర్చుంటాను.

వెర్నా